వాసన లేని నీళ్ళు

నా జుట్టును చూసి జాలిపడని ఆడవాళ్ళు మా వీధిలో లేరు. పిల్లలకు ఈత నేర్పడం నా ఉద్యోగం. పెళ్ళికి ముందు నుంచి మొన్నీమధ్య మానేసేదాకా రోజులో సగం క్లోరిన్ కలిపిన నీళ్ళలోనే గడిపాను. శనగలైనా అంతసేపు నానితే మెత్తబడతాయి. నా జుట్టు మాత్రం కొబ్బరి పీచయింది. మోచేతుల మీద, మోకాళ్ళ మీద తెల్లగా పొట్టు రాలేది. చలి మొదలైతే పిక్కల మీద చర్మం పగిలి, గోకితే రక్తం వచ్చేది. నేను పట్టించుకునేదాన్ని కాదు. మునిగిపోతున్న పిల్లను పైకి లాగేటప్పుడు ఆ పిల్ల నా జుట్టు మెత్తగా ఉందా లేదా అని చూస్తుందా? పట్టుకోవడానికి జడ దొరికితే చాలనుకుంటుంది.

ఉద్యోగం మానేశాకైనా ఒళ్ళు బాగుపడాలి కదా, పడలేదు. ఊరి నీళ్ళ ట్యాంకు మా వీధి మొదట్లోనే ఉంది. అక్కడ కలిపిన క్లోరిన్ అందరికంటే ముందు మా ఇంటి కుళాయికే అందుతుంది. పొద్దున్నే కుళాయి తిప్పితే ఈతకొలను నడుచుకుంటూ వంటింట్లోకి వచ్చినట్టుండేది. నేను ఉద్యోగాన్ని వదిలినా అది నన్ను వదల్లేదని నవ్వుకునేదాన్ని.

మానేసింది మా ఆయన కోసం. ఆయన లిఫ్టు మెకానిక్. ఆయన ముక్కు గురించి తోటివాళ్ళు కథలు కథలుగా చెప్పుకునేవారు. కింద తలుపు తీయగానే పైన మోటారు వేడెక్కిందో, వైరు మాడుతోందో, గ్రీజు ఎండిపోయిందో వాసన పట్టి చెప్పేసేవాడు. లిఫ్టు కింది చీకటి గుంతల్లోకి బెదురు లేకుండా దిగే ఆ మనిషికి నీళ్ళంటే మాత్రం చచ్చేంత భయం. ఆ భయం పోగొట్టుకోవాలని పిల్లల గుంపులో ఒక్కడే మీసాలవాడై నా దగ్గర ఈతకు చేరాడు. ఈత రాలేదు, పెళ్ళయింది. "ఇంట్లో చేప ఉండగా నాకు ఈతెందుకు?" అనేవాడు. ఆ రోజు నుంచీ నన్ను పేరు పెట్టి పిలిచిందే లేదు. చేపా అంటే నేనే.

మతిమరుపు మెల్లగా వచ్చింది. మొదట పనిముట్ల పేర్లు పోయాయి, తర్వాత వీధులు పోయాయి. ఒకరోజు లిఫ్టులో నిలబడి ఏ బటన్ నొక్కాలో తెలియక ఏడుస్తుంటే తోటి మెకానిక్ చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. డాక్టరు జబ్బుకు పేరైతే చెప్పాడు కాని మందు చెప్పలేదు. మర్నాడే నేను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను.

మాకు ఒక్కతే కూతురు. పక్క పేటలో ఉంటుంది. పెద్ద దుకాణంలో క్రీములూ షాంపూలూ అమ్మే కౌంటర్‌లో పనిచేస్తుంది. వారానికోసారి తండ్రిని చూడ్డానికి వస్తుంది. ఒకసారి అలా వచ్చినప్పుడు ఆయన మర్యాదగా లేచి నిలబడి, "ఎవరి కోసం వచ్చారమ్మా?" అని అడిగాడు.

"నాన్నా, నేను" అంది అది.

"అలాగా, కూర్చోండి. మా ఆవిడ వస్తుంది" అన్నాడు.

అది వంటింట్లోకొచ్చి నా భుజం మీద తల పెట్టి ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే, లోపల ఏదో మూల నాకు ఒక ధైర్యం ఉండేది. నన్ను మాత్రం ఆయన మర్చిపోలేదు. నేను స్నానం చేసి వస్తుంటే కళ్ళు మూసుకుని పడుకున్నవాడు కూడా "చేప వచ్చిందా?" అనేవాడు. డాక్టరు ఆశ్చర్యపోయాడు. ఆ ఒక్క మాట మిగిలితే చాలు, తక్కినవన్నీ పోయినా బతికేస్తాననుకున్నాను.

అలాంటి రోజుల్లో మా అమ్మాయి అరచేతిలో పట్టేంత స్టీలు డబ్బా ఒకటి తెచ్చింది.

"ఏంటే ఇది? లిఫ్టు సామానా?"

"షవర్ ఫిల్టరమ్మా. నీళ్ళలో ఉన్న క్లోరిన్‌ని పట్టేసుకుంటుంది. నీ చెయ్యి పట్టుకుంటే గరుకు కాగితం పట్టుకున్నట్టుంది. రోజూ ఊళ్ళోవాళ్ళ చర్మానికి సలహాలు చెబుతాను, కన్నతల్లి కాళ్ళు చూస్తే నాకే తల కొట్టేసినట్టుంటుంది."

"నా కాళ్ళేమైనా నీ కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాయా?"

"నువ్వు కాస్త ఊరుకోవమ్మా."

షవర్ తల విప్పింది. గొట్టం మరలకు తెల్ల టేపు చుట్టి, డబ్బా బిగించి, దాని కింద మళ్ళీ షవర్ తల తగిలించింది. పానా పట్టుకునే తీరు అచ్చం తండ్రిదే. నీళ్ళు తిప్పితే మొదట కాస్త నల్లగా వచ్చి తర్వాత తేటపడ్డాయి. అప్పుడు వేలు చూపిస్తూ పాఠం మొదలుపెట్టింది. మరిగే నీళ్ళు పోసుకోకూడదు, గోరువెచ్చనివి చాలు. తువ్వాలుతో రుద్దకూడదు, అద్దుకోవాలి. ఒళ్ళు పూర్తిగా ఆరకముందే క్రీము రాసుకోవాలి. తడి జుట్టు దువ్వకూడదు, పాత మెత్తటి గుడ్డ చుట్టి వదిలేయాలి.

"జీవితమంతా నీళ్ళలో ఉన్నదానికి నువ్వు స్నానం నేర్పుతున్నావా? గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట" అన్నాను.

"ఫిల్టరొక్కటే అన్నీ చేసేయదు, నువ్వు కూడా చెయ్యాలి. నా మీద ఒట్టేసి చెప్పు, చేస్తానని."

ఒట్టేశాను. వేసినందుకు చేశాను కూడా.

నీళ్ళకు వాసన లేకపోవడం అంటే ఏమిటో నాకు ఆ వయసులో తెలిసింది. సబ్బు జారిపోయేంత నురగ వచ్చింది. వారాలు గడుస్తుంటే దురద తగ్గింది. పిక్కల మీద పగుళ్ళు మూసుకుని గులాబీ రంగు గీతలు మిగిలాయి, తర్వాత అవీ పోయాయి. ఒకరోజు దువ్వెన ఎక్కడా ఆగకుండా చివరిదాకా జారింది. ఆశ్చర్యపోయి మళ్ళీ దువ్వాను, ఊరికే దువ్వాను. అద్దంలో చూసుకుని "ముసలిదానికి ముచ్చట్లెక్కువ" అని నన్ను నేనే వెక్కిరించుకున్నాను. నిజానికి నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంట్లో రోగి ఉన్నప్పుడు మన ఒళ్ళు కూడా మనది కాదు. క్రీము రాసుకునే ఆ కాస్త సేపూ తలుపేసుకుని నా కాళ్ళు నేను ఒత్తుకుంటుంటే, ఎవరో నన్ను బుజ్జగిస్తున్నట్టుండేది. ఆ ఎవరో నేనే అయినా సరే, బాగుండేది.

ఒక ఉదయం తలకు గుడ్డ చుట్టుకుని గదిలోకి వెళ్ళాను. ఆయన దుప్పటి గబుక్కున గుండెల దాకా లాక్కున్నాడు.

"ఎవరండీ మీరు? మా ఆవిడ స్నానానికి వెళ్ళింది. వచ్చేస్తుంది."

వేళాకోళం అనుకుని నవ్వాను. "వచ్చేసిందండీ, ఇదిగో" అన్నాను.

"అలాగేనండీ. ఆవిడ వచ్చేదాకా బయట కూర్చోండి" అన్నాడు. ఆయన నవ్వలేదు.

ఆ పూటకు అలా ఉందిలే, సాయంత్రానికి సర్దుకుంటుందిలే అనుకున్నాను. సర్దుకోలేదు. ఆ రోజు నుంచీ నాకు "మీరు" వచ్చింది. అన్నం కలిపి పెడితే "మీకెందుకండీ శ్రమ" అనేవాడు. చొక్కా బొత్తాలు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "ఏమనుకోకండి. మా ఆవిడ చూస్తే బాగుండదు" అనేవాడు. స్నానం చేయించడానికి ఒక యుద్ధం చేయాల్సి వచ్చేది. పరాయి ఆడదాని ముందు బట్టలు విప్పనని తలుపు పట్టుకుని నిలబడేవాడు. నా మొగుడు నాకోసమే నన్ను ఇంత దూరంగా పెడుతుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఎక్కువగా ఏడ్చేదాన్ని.

డాక్టరు "ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందేనమ్మా" అన్నాడు. జబ్బు ముదిరిందనే నేనూ అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే వంటింట్లో నీళ్ళ చప్పుడైతే వెళ్ళి చూశాను. ఆయన కుళాయి పూర్తిగా తిప్పి, సింకు అంచులు రెండు చేతులతో పట్టుకుని, పారుతున్న నీళ్ళ మీదికి మొహం వంచి మాట్లాడుతున్నాడు.

"ఇవాళ ఇంత ఆలస్యమైందేం? పిల్లలు మాట వినడం లేదా?" కాసేపు ఆగాడు. "నీకోసం ఎవరో ఆవిడ రోజూ వచ్చి కూర్చుంటోంది. మంచిదే పాపం, బాగా చూస్తుంది. పొమ్మనలేకపోతున్నాను. తొందరగా వచ్చెయ్ చేపా."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. కుళాయిలోంచి క్లోరిన్ వాసన గుప్పున కొడుతోంది. ఫిల్టరు షవర్‌కే కాని వంటింటి కుళాయికి లేదు కదా. అప్పుడు నాకు అంతా అర్థమైంది. మొహాలు ఆయనకు ఎప్పుడో పోయాయి. కన్నకూతురి మొహంతో పాటే నా మొహం కూడా పోయింది. ఇన్నాళ్ళూ నన్ను ఆ ముక్కుతో పట్టుకుని ఉన్నాడు. ఆ పట్టుకొమ్మను నేను రోజూ సబ్బు పెట్టి, గోరువెచ్చటి నీళ్ళతో, హాయిగా కడిగేసుకున్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఆ రోజే పానా తీసుకుని ఫిల్టరు విప్పి అలమరలో పడేశాను. క్రీములు మూతలు బిగించి పక్కన పెట్టాను. పూటకోసారి కుళాయి నీళ్ళతో తలమీంచి స్నానం చేశాను. మళ్ళీ జుట్టు బిరుసెక్కింది, మోచేతులు పొట్టు రాల్చడం మొదలుపెట్టాయి. దురద పుడుతుంటే సంతోషించిన మనిషి లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా అమ్మాయి చూసి మండిపడింది. "ఎందుకు తీసేశావమ్మా? నీకు బాగుపడటం ఇష్టం లేదా?"

"నీళ్ళు సన్నగా వస్తున్నాయే. విసుగొచ్చింది."

"ఒట్టు కూడా వేశావు. నా మాటంటే నీకు లెక్కే లేదు."

నేను నీళ్ళు నమిలాను. నిజం ఎలా చెప్పను? తండ్రికి తను గుర్తులేదన్న బాధనే అది ఇంకా దిగమింగుకోలేదు. తల్లి కూడా గుర్తులేకుండా పోయింది తను బిగించిన డబ్బా వల్లే అంటే ఆ పిల్ల ఏమైపోతుంది? మూతి ముడుచుకుని వెళ్ళిపోతుంటే వెళ్ళనిచ్చాను. 

ఆయనలో కదలిక అయితే వచ్చింది. నేను పక్కనుంచి వెళ్తుంటే తల తిప్పేవాడు. ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ చూసేవాడు. మాట మాత్రం రాలేదు. కుళాయి వాసన చాలడం లేదు, ఇంకా గట్టిది కావాలి అనుకున్నాను. ఒక మధ్యాహ్నం మా అమ్మాయికి సెలవు ఉంటే తండ్రి దగ్గర కూర్చోమని చెప్పి ఈతకొలనుకు వెళ్ళాను. టికెట్ల గదిలో ఆవిడ నన్ను చూసి బయటికి పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంది. వేళ్ళు ముడతలు పడేదాకా, భుజాలు లాగేసేదాకా ఈదాను. బయటికొచ్చి మంచినీళ్ళ షవర్ కిందికి వెళ్ళలేదు. తడి ఒంటి మీదే బట్టలు తొడుక్కుని, జుట్టు కారుతుండగా బస్సెక్కాను. పక్కన కూర్చున్నాయన ముక్కు మూసుకుని జరిగాడు. నాకు ఆ పెద్దమనిషిని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

"తల తుడుచుకోవాలని కూడా తెలియదా నీకు?" అని ఇంటి గుమ్మంలోనే కేకలేసి, పనుందని మా అమ్మాయి వెళ్ళిపోయింది.

ఆయన కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను దగ్గరికి నడిచాను. ముక్కుపుటాలు కదిలాయి. పెదాలు విచ్చుకున్నాయి.

"చేపా!" అన్నాడు.

పరుగున వెళ్ళి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "వచ్చేశానండీ, వచ్చేశాను" అన్నాను.

ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉంది. నన్ను దాటి వెనక్కి చూశాడు, అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఆవిడేదీ?"

"నేనేనండీ. బాగా చూడండి."

"మీరు కాదండీ. మా ఆవిడ. వాసనొస్తోందిగా, ఇక్కడే ఉంది."

లేచి వెతకడం మొదలుపెట్టాడు. తలుపు వెనక చూశాడు. స్నానాల గదిలో చూశాడు. వంగలేని మనిషి వంగి మంచం కింద కూడా చూశాడు. తిరిగి నా దగ్గరికి వచ్చి, నా జుట్టులోంచి కారుతున్న నీటిబొట్టు వేలిమీద పట్టుకుని వాసన చూశాడు.

"మీరు పూల్ నుంచే వస్తున్నారా?"

"అవునండీ."

"మీరొక్కరే వచ్చారా?"

అంతలోనే ఆయన మొహం మారిపోయింది. "ఆవిడ రాలేదా? మునిగిపోయిందా?"

"అయ్యో, లేదండీ! ఆవిడకేం కాలేదు. ఆవిడకి ఈత వచ్చు కదా."

"నాకు రాదండీ" అన్నాడు. "ఆవిడ ఎంతో నేర్పింది, నాకు రాలేదు. నేను వెళ్ళి తీసుకురాలేను." రెండు చేతులతో తల కొట్టుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మీకొచ్చు కదా. ఆవిడని నీళ్ళల్లో వదిలేసి మీరొక్కరే ఎలా వచ్చారండీ?"

ఆయన్ని గుండెకు హత్తుకోవాలని చేతులు చాచాను. నా వాసన తగిలేకొద్దీ ఏడుపు ఎక్కువైంది. నేను దగ్గరికొస్తే ఆయనకు నేను చచ్చిపోయానన్న సంగతి గుర్తొస్తోంది. అంతకంటే నరకం ఉందా? ఉంటే నేను చూడలేదు.

స్నానాల గదిలోకి పరుగెత్తాను. అలమరలోంచి ఫిల్టరు తీసి, నేనే బిగించాను. దాని కింద నిలబడి తల రుద్దుకున్నాను, ఒళ్ళు రుద్దుకున్నాను. నాలోంచి నన్ను కడిగేసుకుంటూ గొంతెత్తి ఏడ్చాను. నీళ్ళ చప్పుడులో ఎవరికీ వినపడదు. అద్దుకుని, క్రీము రాసుకుని, జుట్టుకు గుడ్డ చుట్టుకుని బయటికి వచ్చాను. ఆయన ఇంకా వెక్కుతున్నాడు. కాస్త దూరంగా కూర్చున్నాను.

"ఇప్పుడే కబురొచ్చిందండీ. మీ ఆవిడ క్షేమంగా ఉందట. పిల్లల క్లాసు ఆలస్యమైందట" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగా."

గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వదిలాడు. "చల్లటి మాట చెప్పారు. మీరు చాలా మంచివారండీ" అన్నాడు.

తర్వాతి వారం మా అమ్మాయి వచ్చినప్పుడు నేనే అడిగాను. "వంటింటి కుళాయికి, వాష్‌బేసిన్‌కి కూడా ఇలాంటివి ఉంటాయా? ఉంటే తెచ్చి బిగించవే."

అది నమ్మలేనట్టు చూసి నన్ను వాటేసుకుంది. "ఇన్నాళ్ళకి నీ గురించి నువ్వు ఆలోచించుకున్నావమ్మా. నాకెంత సంతోషంగా ఉందో" అంది. దాని భుజం మీద మొహం దాచుకున్నాను. ఈత బట్టలు, తువ్వాళ్ళు, కళ్ళద్దాలు మూట కట్టి టికెట్ల ఆవిడకు ఇచ్చేశాను. పోయినవాళ్ళ సామాన్లు ఇంట్లోంచి తీసేయడం విన్నాం. నావి నేనే తీసేసుకున్నాను. ఇంట్లో ఎక్కడా ఆ వాసన లేదిప్పుడు. ఆయన కుళాయితో మాట్లాడటం లేదు, మంచం కింద వెతకడం లేదు. వేళకు తింటున్నాడు, నిద్రపోతున్నాడు. నా చర్మం నిగనిగలాడుతోంది. వీధిలో ఆడవాళ్ళు ఏం రాస్తున్నావని అడుగుతున్నారు.

నిన్న సాయంత్రం కిటికీ దగ్గర ఆయన ఎదురుగా కూర్చున్నాను. చాలాసేపు నన్ను చూశాడు.

"మీకు పెళ్ళయిందా అండీ?"

"అయిందండీ."

"ఆయన మిమ్మల్ని బాగా చూసుకుంటాడా?"

"చాలా బాగా చూసుకుంటాడండీ."

"మరి పొద్దస్తమానం ఇక్కడే ఉంటున్నారే. పాపం, ఆయన ఎదురుచూస్తుంటాడు. చీకటి పడుతోంది, వెళ్ళండి. మగవాళ్ళం పైకి చెప్పం కాని, ఆడమనిషి ఇల్లు చేరేదాకా మాకు స్థిమితం ఉండదండీ."

లేచి చెప్పులు వేసుకున్నాను. ఆయన గుమ్మం దాకా వచ్చి "జాగ్రత్తగా వెళ్ళండి" అని తలుపేసుకున్నాడు. లోపల గడియ పెట్టిన చప్పుడైంది. మెట్ల మీద కూర్చుని, అరచేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. వీధి దీపాలు వెలిగాక, ఆయనకు అన్నం పెట్టే వేళయిందని లేచి తలుపు కొట్టాను.

"ఎవరూ?" అన్నాడు లోపల్నుంచి.